వాసన గడి

మధ్యాహ్నం ఒంటిగంటకు రెండు నిమిషాల ముందే షూయున్ రుచి గది తలుపు మూసి, లోపల గడియ పెట్టి, కిటికీ వారనున్న కుర్చీలో కూర్చుంది. ఇక రెండింటి దాకా ఈ గదిలోకి యజమాని త్సాయ్ కూడా రాకూడదు. ఆ నియమం పెట్టింది ఆయనే, అందుకని పాపం వరండాలో రెండు మూడుసార్లు దగ్గి వెళ్ళిపోతాడు తప్ప తలుపు తట్టడు. బల్ల మీద తెల్ల కాగితం, కాగితం మీద కొత్త వేప్ పరికరం, అంటే ద్రవాన్ని వేడిచేసి ఆవిరి పీల్చే కరెంటు సిగరెట్టు, పక్కనే ఆ ద్రవం పోయడానికి దాని కోసమే చేసిన ట్యాంకు. రెండూ కలిపితే చూపుడు వేలంత పొడవు, బొటనవేలంత లావు. ఇంగ్లండు వాళ్ళు అడిగింది ఇదే. చొక్కా జేబులో పడాలట, పడుకోబెట్టినా కారకూడదట, ఒకసారి చార్జి పెడితే సాయంత్రం దాకా రావాలట, రుచి మాత్రం పిడికిలంత పరికరం ఇచ్చే రుచికి తీసిపోకూడదట. కోడిపిల్లంత ఉండాలి, పుంజులా కూయాలి, అడగడానికేం, అనుకుని షూయున్ చేతులు రుద్దుకుంది. ధీమాగా ఉన్నప్పుడు అలా చేతులు రుద్దుకోవడం ఆమెకు అలవాటు. పక్కన అట్టకు బిగించిన చీటీ ఉంది, చీటీలో ఏడు గడులు, అడుగున సంతకానికి చోటు. సంతకం పడిందంటే ఈ ఒక్క ముక్కను సంచిలో పెట్టి, సీలు వేసి, ఇనప బీరువాలో దాస్తారు. ఆ తర్వాత ఈ ఫ్యాక్టరీలో తయారయ్యే లక్ష ముక్కలూ దానిలాగే ఉండాలి. ఎక్కడ ఏ తేడా వచ్చినా ముందు ఆ బీరువా తెరుస్తారు, చీటీ మీద ఎవరి పేరుందో చూస్తారు. ఎనిమిదేళ్ళలో నూట నలభై చీటీల మీద తన పేరుంది, ఒక్కటీ తిరిగి రాలేదు.

ఒక్కటీ తిరిగి రాలేదు, ఇదీ రాదు, అని మనసులో గట్టిగా అనుకుంది. అంత గట్టిగా అనుకోవలసిన అవసరం ఎందుకొచ్చిందో ఆమెకు తెలుసు. డిసెంబరులో ఊరంతటికీ వచ్చిన జ్వరం ఆమెకూ వచ్చింది. జ్వరం పోతూ పోతూ వాసనను వెంట తీసుకుపోయింది. ఇది మార్చి. మూడు నెలలుగా ఈ ఫ్యాక్టరీల ఊరు షాజింగ్‌లోకెల్లా పేరున్న రుచి చూసే మనిషికి ముక్కు పనిచేయడం లేదు, ఆ సంగతి ఇంట్లో మొగుడు షెన్‌కి తప్ప ఎవరికీ తెలియదు. పైగా ఈ ట్యాంకు ఎవరిదో కాదు, పెంగ్ మేస్త్రిది. తనను లైను మీది నుంచి లేపి తెచ్చి ఈ కుర్చీలో కూర్చోబెట్టిన మనిషి లేత్ మీద తన చేతులతో చెక్కింది. రోడ్డు అవతలి షెడ్డులో ఇలాంటి ట్యాంకులు పెట్టెల లెక్కన దొరుకుతాయి, ఒక పెట్టె అప్పుడే కిందికి వచ్చి కూర్చుంది కూడా. మేస్త్రిది నెగ్గితే మేస్త్రి గది ఉంటుంది. నెగ్గకపోతే లేత్ అమ్మేసి ఆ గదిలో అట్టపెట్టెలు సర్దుతారు, అరవై ఏళ్ళ మనిషి హునాన్ బండెక్కి ఇంటికి పోతాడు. త్సాయ్ ఈ మాట దాచకుండా చెప్పాడు, ఆయన ఏ మాటా దాచడు. రెండింటికి చీటీ కిందికి రావాలి.

ముందు అమరిక. ట్యాంకును పరికరం నెత్తిన పెట్టి తిప్పింది. మూడున్నర చుట్లు, ఎక్కడా గరగర లేదు, చివర మెత్తగా ఆగింది. కళ్ళు మూసుకుని రెండింటి అతుకు మీద గోరు నడిపింది. కింద నుంచి పైకి, పై నుంచి కిందికి, చుట్టూ. గోరు ఎక్కడా తట్టుకోలేదు. అతుకు ఎక్కడుందో వేలికి తెలియలేదంటే అది అతుకు కాదు, అవి రెండూ ఒకే వస్తువు. జోడీ అంటే ఇదీ. కొన్న ట్యాంకులు ఎప్పుడూ అరువు తెచ్చుకున్న టోపీలా ఉంటాయి, కొంచెం బయటికో కొంచెం లోపలికో. మొదటి గడిలో టిక్కు పెట్టింది. మీట నొక్కింది, లోతుగా, గట్టిగా, జేబులో దానంతట అది నొక్కుకుపోయే రకం కాదు. రెండో టిక్కు. ఈ గోరు నడపడం నేర్పింది కూడా మేస్త్రే. అప్పుడు షూయున్ లైను మీద పట్టకారుతో, ద్రవాన్ని వేడిచేసే తీగచుట్ట కాయిల్‌లో దూది దూర్చే నలభై మందిలో ఒకతె. ఆయన చేతిలో ఒక ట్యాంకు పట్టుకుని వరసలో ప్రతి ఆడపిల్ల దగ్గరా ఆగుతూ వచ్చాడు. ఇందులో ఏం వాసన వస్తోంది, చెప్పండి. అరటిపండు అంది ఒకతె, అరటిపండు అంది ఇంకొకతె. షూయున్ చూసి, పండు కాదండీ, తొక్క, అదీ ఇంకా మాగలేదు, అంది. ఆయన ఆ ట్యాంకును జేబులో వేసుకుని, పట్టకారు అక్కడ పెట్టి నాతో రా, అన్నాడు. వరసంతా తలలు తిప్పి చూసింది. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ ఆమె భుజాలు కొంచెం పైకి లేస్తాయి.

ఇప్పుడు నింపాలి. ట్యాంకు పక్కనున్న చిన్న రబ్బరు మూత తీసి, సీసా మూతి ఆనించి, ఆగి ఆగి నొక్కింది. ఇంగ్లండు వాళ్ళు వాడే చిక్కటి ద్రవమే, ఇక్కడి పిల్లలు తొందరలో పోసుకునే పల్చనిది కాదు. పల్చటి ద్రవంతో ప్రతి ట్యాంకూ మహారాజే, చిక్కటిది పోస్తేనే దూది ఎంత తాగుతుందో బయటపడుతుంది. నింపాక పది నిమిషాలు ముట్టుకోకూడదు, దూది లోపలి దాకా తడవాలి. ఆ పది నిమిషాల్లో షూయున్ సీసాను ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు. గోడ. రాసి ఉన్నది స్ట్రాబెర్రీ అని, ముక్కుకు మాత్రం నీళ్ళు. జ్వరం తగ్గిన ఎనిమిదో రోజున ఈ గదికి వచ్చి, అలమరలో ఉన్న అరవై సీసాలూ ఒకదాని తర్వాత ఒకటి ఇలాగే మూతలు తీసింది. పుదీనా దగ్గర చల్లదనం తగిలితే ఏడుపొచ్చినంత పనయింది, కానీ అది చల్లదనమే, పుదీనా కాదు. ఇంటికి వెళ్ళి వెనిగర్ సీసాలో ముక్కు ముంచినంత పని చేసింది. ఆ మర్నాడే పొయ్యి మీద అన్నం పెట్టి బట్టలు ఆరవేస్తోంటే బస్సు డ్యూటీ దిగి వచ్చిన షెన్ గుమ్మంలోనే ఆగిపోయాడు. ఏమోయ్, ఊరంతా మాడు వాసన కొడుతుంటే నువ్వు ఇక్కడే నిలబడి పాట పాడుతున్నావా, అన్నాడు. గిన్నె అడుగు నల్లగా అంటుకుపోయింది. మాడు వాసన పట్టడం తన వృత్తి. ఆ రాత్రి మంచం మీద కూర్చుని షెన్‌కు చెప్పింది. అతను నవ్వలేదు. దుప్పటి దులుపుతూ, అయితే నా సాక్సులు ఇక ఎక్కడ పడేసినా పరవాలేదన్నమాట, అన్నాడు. అప్పుడు ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు అయ్యాకనే ఆమెకు ధైర్యం వచ్చింది.

ధైర్యం వచ్చాక తెలివి వచ్చింది. ముక్కు పోతే పోయింది, గొంతు పోలేదు కదా. దూది ఎండితే గొంతు వెనక గుచ్చుకుంటుంది, అది వాసన కాదు, నొప్పి. నాలుకకు తీపి తీపిగానే ఉంది. చెవి ఉంది, పెదవి ఉంది, వేలు ఉంది. జనవరిలో రెండు చీటీలు అలాగే రాసింది. రెండూ బాగున్నాయి, ఎక్కడి నుంచీ మాట రాలేదు. ముక్కున్న వాళ్ళు ముక్కు మీదే ఆధారపడి చెవులు మూసుకుంటారు, నాకా బెడద లేదు, అని ఇంకో మెట్టు ఎక్కి కూర్చుంది. గడియారం ఒంటిగంటా పదహారు చూపిస్తోంది. పరికరం అందుకుని మొదటి దమ్ము లాగింది.

కళ్ళు మూసుకో, నాలుకను మర్చిపో, చెవి పెట్టు, అనేవాడు మేస్త్రి. దూది నిండుగా ఉంటే సన్నగా వేగుతుంది. తక్కువైతే చిటపటమంటుంది. ఎండితే చప్పుడు ఆగిపోతుంది, ఆగాక లాగిన దమ్ము మాడుతుంది. రెండో దమ్ము, మూడో దమ్ము. సన్నగా, ఒకే తీరున, దూరంగా పక్కింట్లో పల్లీలు వేగుతున్నట్టు. లాగుడు ఎంత బాగుందంటే బుగ్గలు లోపలికి పోలేదు, గాలి తోసుకుంటూ రాలేదు, తనంత తను వచ్చింది. అంత చిన్న బ్యాటరీకి ఇంతకంటే శక్తి లేదు, ఆ శక్తికి సరిపోయేటంత గాలే ఇచ్చాడు, ఒక్క వెంట్రుక ఎక్కువ కాదు. మేస్త్రి గాలి చిల్లు ఎక్కడ పెట్టాడో చూసింది. అందరూ అడుగున పెడతారు, ఈయన మెడ కింద పెట్టి లోపల గాలిని ఒక చుట్టు తిప్పి కాయిల్ మీదకి వంచాడు. అడుగున చిల్లు లేకపోతే ఇక కారడానికి దారేది. మేస్త్రీ, ఎంత పని చేశారండీ, అని పైకే అంది. ఎనిమిదో దమ్ముకు బొటనవేలి మొదట్లో వెచ్చదనం మొదలైంది. వేడి పెదవికి తగిలితే పరికరం పనికిరాదు, వేలి మొదటికి తగిలితే సరి, అది కూడా ఆయన మాటే. పన్నెండో దమ్ముకు చప్పుడు మారుతుందని ఎదురుచూసింది, చిన్న ట్యాంకులన్నీ పన్నెండు దగ్గర నీరసిస్తాయి. మారలేదు. పదిహేనోది కూడా మొదటిదానికి కవల పిల్లలా వచ్చింది. మూడు, నాలుగు, ఐదు గడుల్లో టిక్కులు పెడుతుంటే పెన్ను కాగితం మీద నాట్యం చేసింది. ఇంత మంచి వస్తువు చేతిలోకి వచ్చి ఎన్నాళ్ళయింది. ఇది నెగ్గుతుంది, నెగ్గి తీరుతుంది, మేస్త్రి లేత్ ఎక్కడికీ పోదు, అని ఒళ్ళంతా సంతోషమైంది.

ఆరో గడి కారుడు. తెల్ల కాగితం మడిచి, దాని మీద పరికరాన్ని పక్కకు పడుకోబెట్టింది. ఇక చేసేదేమీ లేదు, రెండింటి దాకా చూస్తూ కూర్చోవడమే. ముప్ఫై మూడు నిమిషాలు. కిటికీ బయట ఎదుటి మేడ మీద ఎవరో ముసలావిడ వెదురు తట్టలో ముత్యపుచిప్పల మాంసం ఎండబెడుతోంది. ఇక్కడ ఇన్ని ఫ్యాక్టరీలు రాకముందు షాజింగ్ అంటే అదే, ఆ ఎండు చిప్పలే. వానాకాలంలో ఆ వాసన మెట్ల మీద కూడా ఉండేది, షూయున్‌కు కడుపులో తిప్పేది, పోతే బాగుండునని వెయ్యిసార్లు అనుకుంది. ఇప్పుడు కిటికీ బార్లా తెరిచి గాలిని గుండెల నిండా పీల్చింది. గాలి చల్లగా ఉంది, అంతే. ఆవిడ తట్ట కదిపి ఒక ముక్క నోట్లో వేసుకుంది. తను పొద్దున తిన్నదేమిటి, బియ్యపు నూడుల్స్, వాటి మీద రెండు చెంచాల పండుమిరప తరుగు. ఉప్పులో ఊరిన హునాన్ పండుమిరప. అది వాసన కాదు కాబట్టి దక్కింది, నోరు మండింది, చెవులు మండాయి, బతికి ఉన్నట్టనిపించింది. ఎనిమిదేళ్ళు మిరపకాయ ముట్టని నాలుక అది. ఈ కుర్చీలో కూర్చున్న మొదటి వారంలో క్యాంటీనులో మిరపకాయ మీదికి చాప్‌స్టిక్స్ పోనిచ్చిందో లేదో మేస్త్రి తన చాప్‌స్టిక్స్‌తో వాటి మీద కొట్టాడు. నీ నోరు ఇప్పుడు నీది కాదు, అన్నాడు. ఆయనా హునాన్ వాడే, తన గిన్నెలో ఎర్రగా కలుపుకుంటూనే ఆ మాట అన్నాడు. షూయున్ నెల రోజులు ఆయన మొహం చూడకుండా తెల్లటి గంజి తాగింది. తర్వాత అలవాటైపోయింది. ఇప్పుడు పండుమిరప సీసా అలమర కింద అరలో ఉంది. దాన్ని ఇచ్చింది మేస్త్రే.

ఆ ఆలోచన వచ్చి పక్కకు పోబోయింది, షూయున్ పోనివ్వలేదు. ఫిబ్రవరిలో పండక్కి ఊరెళ్ళి తిరిగి వచ్చి, కాగితంలో చుట్టిన సీసా బల్ల మీద పెట్టి, మా అక్క ఊరవేసింది, తిను, అన్నాడు. అప్పుడు ప్రేమ అనుకుంది. కాదని ఇప్పుడూ అనలేదు. కానీ మిరపకాయ మీదికి పోయిన చాప్‌స్టిక్స్‌ను కొట్టిన మనిషి, ఎనిమిదేళ్ళపాటు తన గిన్నెలోకి తొంగిచూసిన మనిషి, ఏ ధైర్యంతో సీసా తెచ్చి ఇచ్చాడు. రుచి చూసే మనిషికి మిరపకాయ ఎవరు పెడతారు. ఇక కాపాడవలసిందేమీ లేదని తెలిసినవాడు పెడతాడు. ఆయనకు తెలుసు. ఫిబ్రవరి నుంచీ తెలుసు, అంతకు ముందే తెలిసి ఉంటుంది. తెలిసి ఎవరికీ చెప్పలేదు. తెలిసే ఇవాళ ఈ ట్యాంకు తెచ్చి తన ముందు పెట్టాడు, ఇంకో నెల ఆగితే మళ్ళీ వాసన వస్తుందేమోనని ఆగలేదు. ఎందుకు. వాసన లేని మనిషి ఏది పట్టలేదో దాని గురించి ఆయనకు భయం ఉంది కాబట్టి.

అది ఏమిటో వెతుక్కోవలసిన పని లేకుండానే తెలిసింది. నూనె. లేత్ మీద ఉక్కు కోసేటప్పుడు పోసే నూనె. కొత్త ట్యాంకు ఎంత కడిగినా మర చుట్లలో ఒక పిసరు దాక్కుంటుంది, వేడెక్కినప్పుడు ఆవిరిలో కలుస్తుంది. గొంతుకు గుచ్చదు, చెవికి వినపడదు, నాలుకకు చేదు కాదు. అది ఒట్టి వాసన, ఇంకేమీ కాదు. ముక్కు ఉన్నవాడు ఒక్క దమ్ము లాగి మొహం పక్కకు తిప్పుకుంటాడు. మూడేళ్ళ కింద ఆరు వందల ముక్కలు పెట్టెల్లో కట్టి ఉంటే షూయున్ గుమ్మంలో అడుగు పెడుతూనే ఆగి, ఎవరు కడగలేదు వీటిని, అంది. మేస్త్రి ఆ పెట్టెల పక్కనే నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ళు ఆ నూనెలో చేతులు పెట్టినవాణ్ణి, నాకు అలవాటైపోయింది, అన్నాడు. అందరూ నవ్వారు. లేత్ వాళ్ళకు అది సహజమేనని త్సాయ్ కూడా అన్నాడు. ఇప్పుడు నూనెను చేతిలో పెట్టుకున్నా పట్టలేని ఆయన ఒక వైపు, తను ఒక వైపు, మధ్యలో ఈ చిన్న వస్తువు. ఎక్కడో ఇంగ్లండులో, చినుకుల్లో బస్సు కోసం నిలబడినవాడు చొక్కా జేబులోంచి దీన్ని తీసి నోట పెట్టుకుంటాడు.

కాగితం వైపు చూసింది. పొడిగా ఉంది. ఒంటిగంటా నలభై తొమ్మిది. మిగిలిన ఏడో గడి, వాసన గడిలో టిక్కు పెడితే ఏమవుతుంది, అని తనను తానే అడిగింది. బహుశా ఏమీ కాదు. ఆయన కడిగే ఉంటాడు, ఆయన చేత్తో కడిగినదాంట్లో నూనె ఎందుకుంటుంది. పెట్టకపోతే ఏమవుతుంది, ఆయన గది పోతుంది, తన కుర్చీ కూడా పోతుంది, రెండూ ఒకే మధ్యాహ్నం. నూట నలభై చీటీల్లో ఒక్కటీ తెలియకుండా రాయలేదు. జనవరివి కూడా తెలిసే రాసింది, చెవితో తెలిసినా తెలిసినట్టే. ఈ ఒక్క గడి దగ్గర మాత్రం తనకు తెలిసింది సున్నా. కోపం వచ్చింది. మేస్త్రి మీద వచ్చింది, ఆయన్ను అంత భయపెట్టిన త్సాయ్ మీద వచ్చింది, జ్వరం మీద వచ్చింది. అడగలేకపోయావా ముసలోడా, ముక్కు లేదటగా అని నా మొహాన అడగలేకపోయావా, అనుకుంది. కోపం వచ్చాక మనసు తేలికైంది, ఏం చేయాలో తెలిసిపోయింది. లేచి గడియ తీసి మళ్ళీ కూర్చుంది. రెండు కొట్టకముందే తలుపు నెమ్మదిగా తెరుచుకుంది. అంత నెమ్మదిగా తెరిచేది ఆ మేడ మొత్తంలో ఒక్కడే.

"ఎలా ఉంది?" అన్నాడు పెంగ్ మేస్త్రి, గుమ్మంలోనే నిలబడి.

"కాగితం చూడండి."

ఆయన వచ్చి వంగి చూశాడు. వేలితో తడిమి చూశాడు. "పొడిగానే ఉంది."

"కారలేదు. పన్నెండో దమ్ముకి కూడా నీరసించలేదు. గాలిని అలా వంచడం షాజింగ్‌లో ఇంకొకడి వల్ల కాదు మేస్త్రీ, నిజంగా చెప్తున్నా."

"అయితే సంతకం పెట్టెయ్ మరి. కింద త్సాయ్ మూడోసారి టీ ఆకు మారుస్తున్నాడు."

"ఏడో గడి ఉంది."

"అది నువ్వు రాసేదే కదా."

"నూనె వాసన ఉందో లేదో మీరు చూశారా?"

"నాలుగుసార్లు కడిగాను."

"కడిగారా అని కాదండీ నేనడిగింది. చూశారా?"

మేస్త్రి స్టూలు లాక్కుని కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు.

"నాకు డిసెంబరు నుంచి వాసన లేదు," అంది షూయున్. "మీకు తెలుసు. తెలిసే నాకు పచ్చడి సీసా ఇచ్చారు, తెలిసే ఇది తెచ్చి నా ముందు పెట్టారు."

"తెలుసు."

"ఎట్లా?"

"నువ్వు సీసా మూత తీస్తే మొహం ఎప్పుడూ ముందే చిట్లించేదానివి. జనవరి నుంచి ఎదుటివాడి మొహం చూసి చిట్లిస్తున్నావు. అరక్షణం ఆలస్యం." ఆయన తల ఎత్తలేదు. "ఆ ఆలస్యం నాకు తెలుసమ్మా. నేను జీవితమంతా అట్లాగే చిట్లించాను."

షూయున్‌కు వెంటనే అర్థం కాలేదు.

"నాకు ఆరేళ్ళప్పుడు జ్వరం వచ్చింది," అన్నాడు. "లేచాక మాడిన అన్నం గిన్నెడు తిన్నానని మా అమ్మ కొట్టింది. మాడిందని నాకు తెలిస్తే కదా. ఆ తర్వాత ఎవరికీ చెప్పలేదు. లేత్ పనికి ముక్కెందుకు. ఈ వేప్‌లు వచ్చాకనే కష్టమొచ్చింది."

"మరి నాకు నేర్పిందంతా?"

"నాకున్నది నేర్పాను. చెవి, వేలు, గొంతు. ముక్కు నీది. ఎనిమిదేళ్ళు మనిద్దరికీ కలిపి అదొక్కటే ముక్కు." అరచేతులు తిరగేసి చూసుకుంటూ, "నీది పోయిన రోజు నాదీ పోయింది. ఎవరినీ అడగలేకపోయాను. గది పోతుందని భయమేసి నీ దగ్గర పెట్టాను. తప్పే," అన్నాడు.

మూడు నెలలుగా షూయున్ తానే కనిపెట్టానని మురిసిపోయిన గారడీ అంతా ఈయనది, ఈయన యాభై నాలుగేళ్ళుగా బతుకుతున్న బతుకు. మోసపోయినట్టూ అనిపించింది, గర్వంగానూ అనిపించింది, రెండూ ఒకేసారి. పెన్ను తీసి ఏడో గడిలో 'చూడలేను, వాసన తెలియదు' అని స్పష్టంగా రాసింది. అడుగున సంతకం పెట్టింది.

"పిచ్చిదానా, ఉద్యోగం పోతుంది."

"ఆరు గడుల్లో నన్ను మించినవాళ్ళుంటే తెచ్చుకోమనండి. పదండి, మీరు కూడా."

కింది గదిలో త్సాయ్ పొడవాటి చెక్కబల్ల ముందు కూర్చుని మూత కప్పులో టీ పోస్తున్నాడు. ఆయన ఊరి టీ అది, పేరు బాతు రెట్ట వాసన. ఆ పేరు విని ఎంతమంది ముక్కు మూసుకున్నా ఆయనకు ప్రాణం. పదేళ్ళుగా వేప్‌లు అమ్ముతున్నాడు గాని, నాలుక పాడవుతుందని ఒక్కసారీ నోట పెట్టలేదు. చీటీ చదివాడు. మళ్ళీ చదివాడు.

"వాసన తెలియకపోవడమేంటి?"

"డిసెంబరు జ్వరంలో పోయింది బాస్."

"జనవరిలో రెండు రాశావే?"

"అవి కొన్న ట్యాంకులు, కడిగి వచ్చినవి. మిగతాదంతా గొంతుతో చెవితో చూశాను, తేడా రాలేదు. మీకు చెప్పకపోవడం మాత్రం నా తప్పు. ఇందులో మొదటి ఆరూ నా పూచీ. ఏడోది మీరు చూడాలి."

"నేనా? నేను దీన్ని ముట్టుకోను."

"నోట పెట్టక్కర్లేదు. కప్పు మూత వాసన చూస్తారే, అట్లా చూడండి."

మేస్త్రి జేబులోంచి దీనికి జతగా చేసిన, ఇంకా ద్రవం పొయ్యని రెండో ట్యాంకు తీసి బల్ల మీద పెట్టాడు. త్సాయ్ ఆయన మొహం చూశాడు, ఆమె మొహం చూశాడు. ఇద్దరూ తలలు దించుకోలేదు. ట్యాంకు మూత విప్పి, టీ కప్పు మూత వాసన చూసేటప్పటిలాగే కళ్ళు మూసుకుని, ముక్కు కింద ఒకసారి అటూ ఇటూ తిప్పాడు. వాసన తెలియని ఇద్దరూ ఆయన ఊపిరి వింటూ నిలబడ్డారు.

"నూనె ఉంది," అన్నాడు. "కొంచెమే. చుట్ల దగ్గర. దాని కింద ఉక్కు వాసన, అంతే. ఇంకేం లేదు."

పెన్ను తీసుకుని ఏడో గడిలో 'నూనె, మళ్ళీ కడగాలి' అని రాసి, పక్కన పదేళ్ళలో మొదటిసారి తన పేరు రాశాడు. చీటీని మేస్త్రి వైపు తోశాడు. "రేపు మధ్యాహ్నం తీసుకురండి, నేనే చూస్తాను. ఇంగ్లండు వాళ్ళకి ఒక రోజు ఆగమని చెప్తాలే. షూయున్, నువ్వు ఆ ఆరు గడుల దగ్గరే కూర్చో. ఆ ముక్కుని ఏ డాక్టరుకన్నా చూపించు."

బయటికి వచ్చి మెట్లెక్కుతుంటే మేస్త్రి వెనకబడ్డాడు. షూయున్ ఆగింది. ఆయన ట్యాంకును పిడికిట్లో పట్టుకుని మెట్టు మీద నిలబడి ఉన్నాడు.

"ఉక్కుకి వాసన ఉంటుందా?" అన్నాడు.

"ఉంటుంది మేస్త్రీ."

"నలభై ఏళ్ళు కోశాను. ఎవరూ చెప్పలేదు."

షూయున్ రెండు మెట్లు దిగి ఆయన పక్కకు వచ్చింది. ఎలా చెప్పాలో వెతుక్కుంది, వెతుక్కుంటే దొరికింది, ఒక్కటీ మరవలేదు. "చలికాలం పొద్దున్నే బావి గొలుసు లాగితే అరచేతిలో మిగిలేది అదేనండీ," అంది. "చల్లగా ఉంటుంది. పెదవి పగిలి నాలుకకి నెత్తురు తగిలితే ఒక చురుకు తెలుస్తుంది కదా, దానికి దగ్గరగా ఉంటుంది. వాన పడ్డాక తడి రైలింగు పట్టుకుంటే ఎక్కువ వస్తుంది. మీరు నా పక్క నుంచి వెళ్ళినప్పుడల్లా వచ్చేది. తలుపు తీసింది మీరేనని నాకు దాంతోనే తెలిసేది."

మేస్త్రి రెండు అరచేతులూ మొహానికి దగ్గరగా తెచ్చుకుని, కళ్ళు మూసుకుని, "ఇంకా చెప్పు," అన్నాడు.